థైరాయిడ్ సీసా మీద పడే కోత

సంపాదకులకు నమస్కారం.

ఇంటి ఖర్చు ఎలా తగ్గించుకోవాలో చెప్పే చిట్కాలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. ‘అత్యవసరం కాని వైద్య ఖర్చులు వాయిదా వేసుకోండి’ అన్న ముక్క వాటిల్లో ఎక్కడో ఒకచోట తగులుతుంది. చదవడానికి బాగానే ఉంటుంది. బెంగళూరులో మారతహళ్లి, కృష్ణరాజపురం, బొమ్మనహళ్లి వైపు తెలుగువాళ్ల ఇళ్లలో అది అమలయ్యే తీరే వేరు. ఉద్యోగం పోయినా, జీతం రెండు నెలలు ఆగినా, స్కూలు ఫీజు కోసం చీటీ ముందే పాడుకోవాల్సి వచ్చినా ఇంటాయన బీపీ మాత్ర ఆగదు, అత్తగారి షుగరు మాత్ర ఆగదు. ఇల్లాలి థైరాయిడ్ మాత్రల సీసా ఆగుతుంది. ఆపేది కూడా ఆవిడే.

ఆపినా వెంటనే ఏమీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు వేసుకునే లీవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. కాబట్టి మొదటి వారం హాయిగానే ఉంటుంది, రెండో వారమూ అంతే. ‘ఇన్నాళ్లూ అనవసరంగా మింగానే’ అనిపిస్తుంది కూడా. నెల, నెలన్నర గడిచాక ఒక్కొక్కటే మొదలవుతాయి: మలబద్ధకం, జుట్టు రాలడం, మోకాళ్లు పట్టేయడం, మతిమరుపు, నెలసరిలో ఎక్కువ పోవడం. చలి వేస్తుంది, కానీ బెంగళూరులో చలేస్తోందంటే ఎవరికి అనుమానం? దిగులుగా ఉంటుంది, అప్పులున్న ఇంట్లో దిగులుంటే ఎవరు ఆశ్చర్యపోతారు? మాత్ర మానిన సంగతికీ వీటికీ లంకె ఎవరికీ తట్టదు.

పూర్తిగా మానేవాళ్లకంటే రోజు మార్చి రోజు వేసుకునేవాళ్లు ఎక్కువ. 100 మాత్రల సీసా 200 రోజులు రావాలని లెక్క. దానివల్ల జరిగేది చూడండి. సగం మోతాదు మీద రెండు నెలలు గడిచేసరికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు దగ్గరి గ్రంథి పంపే హార్మోను, థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది) పెరుగుతుంది. డాక్టరు రిపోర్టు చూసి 75 మైక్రోగ్రాములను 100 చేస్తారు. రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని ఆవిడ చెప్పదు, చెబితే తిడతారని. చేతిలో డబ్బు ఆడిన నెల నుంచి ఆ 100ను రోజూ వేసుకుంటుంది. ఇప్పుడు మోతాదు ఒంటికి మించిపోయింది: గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారడం. ఇంకో రకం ఉంది. పరీక్షకు వారం ముందునుంచి బుద్ధిగా వేసుకోవడం. రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోను టీ4 త్వరగా సర్దుకుంటుంది, టీఎస్‌హెచ్ సర్దుకోవడానికి 6 నుంచి 8 వారాలు కావాలి. టీ4 సరిగ్గా ఉండి టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్న రిపోర్టు చూడగానే అలవాటైన డాక్టరుకు విషయం అర్థమవుతుంది. అలవాటు లేని డాక్టరు మోతాదు పెంచేస్తారు. అందుకే ఎన్ని రోజులు మానారో దాచకుండా చెప్పడం మంచిది.

ఇంత చేసి మిగిలేదెంత? లీవోథైరాక్సిన్ కేంద్ర ప్రభుత్వపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని గరిష్ఠ ధర మీద నియంత్రణ ఉంది. పేరున్న కంపెనీదే కొన్నా మామూలు మోతాదుల్లో రోజుకు రెండు మూడు రూపాయలు దాటదు. రోజు మార్చి రోజు వేసుకుంటే నెలకు మిగిలేది 50 రూపాయలు కూడా ఉండదు. దర్శిని హోటల్లో ఒకరి ఇడ్లీ, వడ, కాఫీకి అది చాలదు.

ఉన్న మాత్రనే సరిగ్గా వేసుకోకపోవడం వల్ల పోయేది ఇంకా ఎక్కువ. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫినుకూ అరగంట నుంచి గంట ఎడం ఇవ్వాలి. ఫిల్టర్ కాఫీతోపాటే మింగితే మందులో కొంత ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ మధ్య 4 గంటలు ఉండాలి. తెల్లవారుజామునే కంపెనీ బస్సు ఎక్కే గార్మెంట్స్ ఆడవాళ్లకు, నైట్ షిఫ్టు వాళ్లకు ఈ గంట దొరకదు. వాళ్లు రాత్రి అన్నం తిన్న 3 గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏ పూట అన్నది ముఖ్యం కాదు, రోజూ అదే పూట అన్నది ముఖ్యం. మాత్రలను వాటి సీసాలోనే ఉంచి మూత బిగించాలి. పొయ్యి పక్క అలమరలోనూ ఫ్రిజ్ నెత్తిన వేడి తగిలేచోటా పెట్టవద్దు, ఈ మందుకు వేడి, తేమ రెండూ పడవు. కంపెనీ మార్చి చవకది కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. మార్చిన 6–8 వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూసుకోవాలి, ఆపైన నెలకో కంపెనీ మార్చకూడదు. గర్భం నిలిచిందని తెలిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. చాలామందికి అప్పటి మోతాదును పావువంతు, అంతకు కొంచెం పైనే పెంచాల్సి వస్తుంది, ఆ పెంపు మొదటి వారాల్లోనే కావాలి.

గ్యాస్ మాత్ర సంగతి విడిగా చెప్పాలి. ఈఎంఐల దిగులుకు కడుపులో మంట, తేన్పులు మామూలే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేది పాంటోప్రజోల్, డాంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్. అదీ పరగడుపునే, థైరాయిడ్ మాత్రా పరగడుపునే, రెండూ ఒకే గుక్కలో పోతాయి. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగ్గా కరగదు. ఇక డాంపెరిడోన్ ప్రొలాక్టిన్ హార్మోనును పెంచుతుంది. నెలసరి వెనక్కి పోతుంది, కొందరికి రొమ్ముల్లో పాలలాంటి నీరు కారుతుంది. భయపడి స్కానింగ్, తర్వాత ప్రొలాక్టిన్ పరీక్ష, అది ఎక్కువ వస్తే మెదడుకు ఎంఆర్‌ఐ దాకా వెళ్లిన దారికి మొదలు నెల రోజులు విడవకుండా వేసుకున్న ఒక గ్యాస్ క్యాప్సూల్ కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పునూ సంచిలో వేసుకెళ్లండి. ‘అది మందు కాదులే, గ్యాస్‌కి’ అని వదిలేసేదే తరచూ దోషి అవుతుంది.

జుట్టు రాలుతోందని కొనే బయోటిన్ అనే విటమిన్ మాత్ర కూడా ఇలాంటిదే. నెలకు కొన్ని వందల ఖర్చు. కొన్ని ల్యాబు పద్ధతుల్లో అది థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడుతుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం 2 రోజులు ఆపాలి. జుట్టు రాలడానికి కారణం మానేసిన థైరాయిడ్ మాత్రే అయితే, రెండు రూపాయలు మిగుల్చుకుని పది రూపాయలు పోసినట్టు.

ఖర్చు తగ్గించుకోవాలంటే తగ్గించుకోవచ్చు. అది పరీక్షల్లో. ‘ఉమెన్స్ హార్మోన్ ప్యాకేజీ’ అని వేలల్లో అమ్మేవాటిలో సగం చాలామందికి అక్కర్లేదు. మోతాదు కుదురుకుని ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకు ఏడాదికోసారి టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, బయట ల్యాబుల్లో సుమారు 200–400 రూపాయల పరీక్ష. టీ3 చూసి తక్కువ థైరాయిడ్‌కు మోతాదు మార్చరు. థైరాయిడ్ యాంటీబాడీలు ఒకసారి ఉన్నాయని తేలాక మళ్లీ మళ్లీ చూడనక్కర్లేదు. ఒత్తిడిగా ఉందని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పరీక్ష చేయించుకుంటే తేలేది ఏమీ లేదు, ఆ హార్మోను పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ, రక్తం తీసే సూది చూసినా పెరుగుతుంది. పీసీఓడీ (హార్మోన్లు గతి తప్పి నెలసరి సరిగ్గా రాని స్థితి, పీసీఓఎస్ అనీ అంటారు) ఉన్నవాళ్లకు ఫాస్టింగ్ ఇన్సులిన్ పరీక్ష రాస్తుంటారు. దానికంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే షుగరు పరీక్ష పనికొస్తుంది, చవక కూడా.

నెలసరి తప్పినప్పుడు చేసే ఖర్చు మరో కథ. దిగులుకూ నెలసరికీ సంబంధం నిజమే. మెదడు అడుగున ఉండే హైపోథలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి చిన్న సంకేతం పంపితేనే అండం ఎదుగుతుంది. అప్పుల ఆలోచన, నిద్రలేమి, అన్నిటికంటే ముఖ్యంగా పూట మానేయడం ఆ సంకేతాల వేగాన్ని తగ్గిస్తాయి. అండం విడుదల ఆలస్యమైతే నెలసరీ అన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఒక నెల పది రోజులు వెనక్కి పోయిందని పరుగెత్తి స్కానింగ్ చేయించుకోనక్కర్లేదు. మొదట చేయాల్సింది మూత్రంతో గర్భ పరీక్ష. ఆ కిట్టు ఆశా కార్యకర్త దగ్గర ఉచితం, షాపులో కొన్నా చవకే. గర్భం లేదని తేలితే తర్వాతి నెల చూడవచ్చు. వరసగా 3 నెలలు రాకపోతే మాత్రం ఆగకూడదు. అప్పుడు కావలసినవి టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, షుగరు, డాక్టరుకు అనుమానం ఉంటే మగ హార్మోను పరీక్ష. నెలసరి గతి తప్పడం, గడ్డం మీద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు, రెండూ స్పష్టంగా ఉంటే పీసీఓడీ అనడానికి స్కానింగ్ అక్కర్లేదు. పీజీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు మొదటే స్కానింగ్‌కు వెళుతున్నారు. రజస్వల అయిన 8 ఏళ్లలోపు అండాశయాల్లో చిన్న నీటిబుడగలు కనబడడం మామూలు సంగతే, దాన్ని జబ్బని రాయించుకుని వస్తున్నారు.

పీసీఓడీ అని నిజంగానే తేలినవాళ్లు డబ్బు లేదని మందులు మానేసి, ‘రాకపోతే హాయే, ప్యాడ్ల ఖర్చు తప్పింది’ అనుకోవడం ప్రమాదం. నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, ఏళ్లు గడిస్తే క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉంది. ఏడాదికి కనీసం 4 సార్లయినా ఆ పొర రాలిపోవాలి. దానికి వాడే ప్రొజెస్టిరాన్ మాత్రల కోర్సు పెద్ద ఖర్చేమీ కాదు. క్రమం కోసం గర్భనిరోధక మాత్ర రాసి ఉంటే, అది నెలకు కొన్ని వందల బ్రాండు అయితే, డాక్టరును నేరుగా అడగండి: ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ నాకు సరిపోతుందా? అందులో ఉన్నది లెవొనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఎస్ట్రాడియోల్ 0.03. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఫలానా రకమే మేలని ఏ మాత్రనూ ప్రత్యేకించి చెప్పలేదు. బీపీ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లు, పాలిచ్చే తల్లులు మాత్రం తమంతట తాము మొదలుపెట్టకూడదు.

తిండి గురించి రెండు ముక్కలే. అందరికీ పెట్టాక మిగిలిన చారన్నంతో సరిపెట్టుకుంటే హార్మోన్లు నిలవవు. 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 గ్రాముల సోయా చంక్స్‌లో 26 గ్రాములు, రెండు గుడ్లలో 12, మిగతాది పప్పు, వేరుశనగ, సంగటి పూడుస్తాయి. ప్యాకెట్ మీద ‘అయోడైజ్డ్’ అని ఉన్న ఉప్పే కొనండి. పింక్ సాల్టుకు పోసే డబ్బు గుడ్లకు పెట్టండి.

రక్తం ఎక్కువ పోయేవాళ్ల విషయంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన జాడ్యం ఉంది. ‘ప్రతి నెలా ఈ ఖర్చేమిటి, గర్భసంచి తీయించేస్తే పోతుంది’ అన్నది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21)లో కూడా గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశంలో ఎక్కువగా కనబడినవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. డబ్బు ఇబ్బంది ఈ తొందరను ఇంకా పెంచుతుంది: మందులకు జేబులోంచి పెట్టాలి, ఆపరేషనుకు వైద్య బీమా కార్డు ఉంది. కార్డు తీర్చేది ఆ రోజు బిల్లునే. 38 ఏళ్ల మనిషికి అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసుకే ముట్లుడిగిన శరీరం చేతికొస్తుంది: ఒంట్లో ఆవిర్లు, ఎముకలు బలహీనపడడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం. వాటి మందులకు కార్డు పనికిరాదు. అండాశయాలు ఉంచినా ముట్లుడగడం కొంత ముందుకు జరగవచ్చు.

ఆ దాకా వెళ్లేలోపు మెట్లు ఉన్నాయి. మొదట లెక్క పెట్టండి: ఏ తేదీన మొదలు, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా. గంటకో రెండు గంటలకో ప్యాడు తడిసిపోతున్నా, 8 రోజులు దాటుతున్నా అది ఎక్కువే. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, ఒక స్కానింగ్. థైరాయిడ్ తక్కువైనా రక్తం ఎక్కువ పోతుందని పైన చెప్పుకున్నాం, మాత్ర మానడం వల్ల వచ్చిన రక్తస్రావానికి గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లు ఉండకూడదు. తర్వాత, రక్తస్రావం తగ్గించడానికి ఆ నాలుగు రోజులు మాత్రమే వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్, మెఫనమిక్ యాసిడ్ మాత్రలు. ఆపైన హార్మోను మాత్రలు, లేదంటే గర్భసంచిలో పెట్టే లెవొనార్జెస్ట్రెల్ పరికరం. పరికరం ఒకేసారి కొన్ని వేలు అవుతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇవన్నీ చేసినా ఆగకపోతే ఆపరేషను. 45 దాటినవాళ్లకు ముందుగా లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆపరేషనుకు ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ‘అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు’ అని అడగండి. ఒక్క విషయంలో మాత్రం డబ్బు చూసుకుని ఆగవద్దు. ముట్లుడిగి ఏడాది గడిచాక చుక్క కనబడినా ఆ వారంలోనే చూపించుకోవాలి.

రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, కర్ణాటకలో 47.8 శాతం. ఇదీ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 లెక్కే. వారానికొకటి వేసుకునే ఐరన్-ఫోలిక్ మాత్ర ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. జన ఔషధి షాపుల్లో సువిధ ప్యాడు 2019 నుంచి ఒక రూపాయి.

ఇక ఎక్కడికి వెళ్లాలి? వార్డుల్లో ఉన్న ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లలో డాక్టరు, మామూలు పరీక్షలు, మందులు ఉచితం. అక్కడ తేలనిదానికి పెద్దాస్పత్రికి చీటీ రాయించుకోండి, స్త్రీల జబ్బులకు విక్టోరియా ఆస్పత్రి పక్కనున్న వాణీ విలాస్ ఉంది. భాష రాదని సంకోచం వద్దు. ముట్టు అన్న మాట కన్నడంలోనూ ముట్టే. ఆధార్‌లో చిరునామా ఇంకా అనంతపురమో మదనపల్లెనో ఉంటే కర్ణాటక స్త్రీలకు మాత్రమే వర్తించే శక్తి పథకం కింద బస్సులో ఉచిత టికెట్ ఇవ్వరు, చిరునామా మార్పించుకుంటే ఆస్పత్రి రాకపోకల ఖర్చు తగ్గుతుంది.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్లు చాలామంది ఆ కార్డును జ్వరాలకు తప్ప వాడరు. థైరాయిడ్ మాత్రలు, పరీక్షలు, స్కానింగ్ అందులోనే వస్తాయి. ఉద్యోగం పోయిన మర్నాడే కార్డు చచ్చిపోతుందనుకోవడం కూడా పొరపాటు. ఏప్రిల్–సెప్టెంబరు మధ్య 78 రోజులకు చందా కట్టి ఉంటే ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు–మార్చి మధ్య కట్టి ఉంటే జులై నుంచి డిసెంబరు దాకా వైద్యం అందుతుంది. ఫ్యాక్టరీ మూతపడితే ముందు ఆ తేదీ చూసుకోండి. ఐటీ వాళ్ల గ్రూపు ఇన్సూరెన్సు మామూలుగా చివరి పనిదినంతో ఆగిపోతుంది, ఉచిత హెల్త్ చెకప్ ఉంటే అంతకుముందే వాడుకోవాలి. నెలసరి సెలవు ఏడాదికి 12 రోజులు ఇవ్వాలన్న విధానాన్ని కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో ఆమోదించింది. మీ కంపెనీలో అమలైతే, రక్తం ఎక్కువ పోయే నెలలో ఆ రోజును కూలి పోకుండా ఆస్పత్రికి వాడుకోవచ్చు.

అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్లే కుటుంబాలు సామాన్లతోపాటు ఒక కాగితం సర్దుకోవాలి. అందులో మందు పేరు (కంపెనీ పేరు కాదు, లీవోథైరాక్సిన్ అని), మోతాదు, చివరి టీఎస్‌హెచ్ అంకె, దాని తేదీ, మోతాదు ఎప్పుడు మార్చారో రాసుకోండి. మోతాదు దగ్గర ‘మైక్రోగ్రాములు’ అని పూర్తిగా రాయండి. పాత చీటీల్లో 0.1 మిల్లీగ్రాము అని ఉంటుంది, అది 100 మైక్రోగ్రాములే. 25కూ 125కూ మధ్య తేడా చేతిరాతలో ఒక గీత మాత్రమే, ఊళ్లో షాపతను ఆ గీతను చూడకపోవచ్చు. కొత్త సీసా తెరిచిన రోజు మూత మీద పెన్నుతో తేదీ వేసి, మాత్రలు 20కి దిగగానే ఇంకో సీసా తెప్పించుకోండి.

ఇట్లు,
ఒక స్త్రీవైద్య నిపుణురాలు, ఒక ఫార్మసిస్టు
బెంగళూరు